మిషనమ్మ మోగని మధ్యాహ్నం

గుడివాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. అందులో రెండో అంతస్తు మొత్తం రాజకుమారి చేతిలో ఉండేది. పేషెంట్ల బంధువులు ఎవరైనా జాలిపడి "మీరసలు ఎప్పుడు కూర్చుంటారు సిస్టరుగారూ?" అని అడిగితే "ఆదివారం చర్చిలోనండీ. అదీ పాస్టరుగారు లేచి నిలబడమనకపోతేనే" అనేది. యాభై దాటిన మనిషి. పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బి తాళ్లలా మెలికలు తిరిగాయి. ఇంటికెళ్లాక గోడకి కాళ్లు ఎత్తిపెట్టి పడుకుంటే తప్ప అన్నం ముందు కూర్చోలేకపోయేది.

పుట్టింది దివిసీమలో, నాగాయలంక అవతల ఒక చిన్న పల్లె. తండ్రి దైవాధీనం ఏటి మీద పంటు నడిపేవాడు. మనుషుల్నీ సైకిళ్లనీ పశువుల్నీ ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి చేర్చేవాడు. తల్లి సంతోషమ్మ ఉప్పెన తర్వాత వచ్చిన సహాయ శిబిరంలో నర్సులకి నీళ్లు మోసింది. ఆ తెల్లబట్టల వాళ్లని చూసి, తన పిల్లకి ఆ బట్టలు కట్టించాలని అక్కడే అనుకుంది. అనుకున్నట్టే రాజకుమారి బందరులో నర్సింగు చదివింది. గుడివాడ డిపోలో కండక్టరు శ్యామ్ సుందర్‌ని చేసుకుంది. ఒక్క కూతురు పెళ్లయి తోట్లవల్లూరులో ఉంటోంది. భర్త రిటైరయ్యాడు. రాజకుమారి మాత్రం ఇంకా డ్యూటీకి వెళ్తూనే ఉంది.

ఆ యంత్రం వాళ్ల అంతస్తుకి వచ్చిన రోజున స్వీట్లు పంచారు. గుండె ఎత్తున తెల్లగా, కింద చక్రాలు, పైన తెర, ఆ తెర మీద రెప్పలార్పే రెండు కళ్లు. కంపెనీవాళ్లు దానికేదో ఇంగ్లీషు పేరు పెట్టారుగాని, అది ఎవరి నోటా నిలవలేదు. వార్డులో ఆడవాళ్లు దానికి మిషనమ్మ అని పేరు పెట్టేశారు. అది మాట్లాడేది తెలుగే అయినా రేడియో వార్తల తెలుగు. "మీ శరీర ఉష్ణోగ్రత సాధారణ స్థాయిలో ఉంది" అంటే మంచం మీది ముసలమ్మ బెదిరిపోయి "ఏంటంటంది సిస్టరమ్మా?" అనేది. "జొరం లేదంటంది మామ్మా, పడుకో" అని రాజకుమారి మళ్లీ తెలుగులో చెప్పాల్సి వచ్చేది.

రాజకుమారికి దాని మీద కోపం ఉండేది కాదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి. బీపీలు, జ్వరాలు, సెలైన్ల వేగం, ఎవరికి ఏ మాత్ర ఎప్పుడు ఇవ్వాలో అన్నీ అది చూసుకునేది. దానికి కాళ్లు లాగవు. ఇంట్లో గొడవపడి డ్యూటీకి రాదు. మొదటి నెలల్లో రాజకుమారి దాన్ని చూసి, దేవుడు ఇన్నాళ్లకి తన మొర విన్నాడనుకుంది కూడా. అయితే మిషనమ్మ బాగా చేస్తోందని రూఢి అయ్యాక, మానేసిన సిస్టర్ల స్థానంలో కొత్తవాళ్లని తీసుకోవడం ఆగిపోయింది. ఆరుగురు తిరిగిన అంతస్తులో ఇద్దరు మిగిలారు. మునుపు ఇన్సులిన్ ఇవ్వాలంటే సిస్టరు మంచం దగ్గరికి వెళ్లి చూసి ఇచ్చేది. ఇప్పుడు మిషనమ్మ లెక్క వేసి అడుగుతుంది. సిస్టరు ఎక్కడున్నా సరే, జేబులోని ట్యాబు తీసి వేలు ఆనిస్తే చాలు, పేషెంటు పొట్టకి అంటించిన చిన్న పంపులోంచి మందు లోపలికి వెళ్తుంది.

మొదట్లో వేలు ఆనించే ముందు రాజకుమారి ఆ మంచం దాకా వెళ్లి చూసి వచ్చేది. తర్వాత తర్వాత గుమ్మంలోంచి తొంగిచూసేది. ఆ తర్వాత అదీ మానేసింది. ఎప్పుడు మానేసిందో ఆమెకే గుర్తులేదు.

బసవపున్నయ్య పెదపారుపూడి దగ్గర రైతు. డెబ్బై దాటినా పొలం వెళ్లడం మానలేదు. గట్టు మీద కాలు జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుని వచ్చాడు. ఆపరేషన్ బాగానే అయింది. షుగరు మనిషి. ఆసుపత్రి తిండి ఆయనకి సయించేది కాదు. "ఇది అన్నమా అమ్మాయ్, మా గేదెలు కూడా మూతి తిప్పుకుంటాయి" అని రాజకుమారితో అనేవాడు. ఒక పూట తింటే ఒక పూట తినడు. అందుకే డాక్టరుగారు ఆయనకి అన్నం తిన్నాకే ఇన్సులిన్ ఇవ్వమని రాశారు. తిన్నదీ లేనిదీ చూడటం మిషనమ్మ పని. దాని కంట్లో కెమెరా ఉంది. పళ్లేన్ని చూసి ఎంత తిన్నారో అదే తేలుస్తుంది.

ఆయన జబ్బకి షుగరు చూసే బిళ్ల ఒకటి అంటించారు. కుడి తుంటికి ఆపరేషన్ కాబట్టి ఎప్పుడూ ఎడమ పక్కకే ఒత్తిగిలి పడుకునేవాడు. బిళ్లేమో ఎడమ జబ్బకే ఉంది. చెయ్యి కింద పడి నలిగినప్పుడల్లా షుగరు పడిపోయిందని అది అబద్ధం చెప్పేది, అలారం మోగేది. సిస్టర్లు పరిగెత్తుకొచ్చి చూస్తే బసవపున్నయ్య గురక పెడుతూ ఉండేవాడు. ట్యాబు మీద "తప్పు అలారం" అని నొక్కి, బిళ్లని ఇంకో జబ్బకి మార్చాలనుకుంటూనే వెళ్లిపోయేవాళ్లు. కొన్నాళ్లకి ఆ మంచం అలారం మోగడం తగ్గింది. దాని బదులు ట్యాబులో చిన్న పసుపు చుక్క కనపడేది. పోనీలే, గోల తగ్గిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఆ రోజు సత్యవతమ్మ పొద్దున్నే ఊళ్లో బస్సెక్కి వచ్చింది. ఆవిడ బసవపున్నయ్య భార్య. ఇంటి దగ్గర గేదెల పనీ పాల పనీ చూసుకుని, తను ఏమీ తినకుండానే బయల్దేరింది. మధ్యాహ్నం భోజనం వచ్చింది. బసవపున్నయ్య రెండు ముద్దలు నోట్లో పెట్టుకుని పళ్లెం నెట్టేశాడు.

"నావల్ల కాదే. నువ్వు తిను."

"మీకు పెట్టిన కూడు నేను తినడమేంటండీ?"

"పొద్దుట్నించీ ఏం తిన్నావు నువ్వు? నీ మొహం చూస్తే తెలవట్లా? అన్నం పారేస్తే పాపం. తిను."

ఆకలి వేస్తూనే ఉంది. తినేసింది. చెయ్యి కడుక్కుని పళ్లెం స్టూలు మీద పెట్టింది. మిషనమ్మ చక్రాల మీద వచ్చి పళ్లెం వంక చూసి "భోజనం పూర్తి చేసినందుకు ధన్యవాదాలు" అంది. తిన్నది తను కాబట్టి తనకే చెప్పిందనుకుని సత్యవతమ్మ కాస్త సిగ్గుపడింది కూడా.

ఆ సమయానికి రాజకుమారి అంతస్తు ఆ చివర ఉంది. అక్కడ పొట్ట ఆపరేషనయిన ఒకావిడ వాంతులు చేసుకుంటోంది. కుట్లు ఊడతాయేమోనని రెండు చేతులతో ఆవిడ పొట్ట అదిమి పట్టుకుంది. రెండో సిస్టరు కింద ఎమర్జెన్సీకి వెళ్లింది. జేబులో ట్యాబు గుయ్యిమంది. ఒక చెయ్యి తీసి, మోచేత్తో ఆవిణ్ని అదిమి, తెర మీద వేలు ఆనించింది. ఎవరి మంచమో చూసింది, మందు పేరు చూసింది. అంతకుమించి చూడలేదు.

కాసేపటికి సత్యవతమ్మకి భర్త మొహం తడిగా కనపడింది. పైటతో తుడిచింది. మళ్లీ చెమట. అటుగా వెళ్తున్న మిషనమ్మని ఆపి "అమ్మా, ఈయనకి చెమటలు పడుతున్నాయి, చూడు తల్లీ" అంది. అది ఒక క్షణం ఆగింది. "గదిని మరింత చల్లబరుస్తున్నాను. ఆయన్ని విశ్రాంతి తీసుకోనివ్వండి" అని చెప్పి వెళ్లిపోయింది. డాక్టరు మాటంత నమ్మకంగా చెప్పింది. సత్యవతమ్మ దుప్పటి మెడ దాకా కప్పి, నిద్ర చెడగొట్టకూడదని కదలకుండా కూర్చుంది.

రాజకుమారి చేతులు కడుక్కుని వాంతుల ఆవిడకి ఇంజెక్షను ఇచ్చినట్టు రాయడానికి ట్యాబు తీసింది. బసవపున్నయ్య పేరు పక్కన పసుపు చుక్క ఉంది. చూసింది. మళ్లీ చెయ్యి నలుపుకుని పడుకున్నట్టున్నాడు పెద్దాయన, ఈ పని అవగానే వెళ్లి ఒత్తిగిలిద్దాం అనుకుంది. ఆ పని తర్వాత ఇంకో పని పడింది.

ఆమె వెళ్లేసరికి బసవపున్నయ్య పిలిస్తే పలకలేదు. గిచ్చినా కదల్లేదు. నరంలోకి గ్లూకోజు ఎక్కించారు, ఐసీయూకి పరిగెత్తించారు. ప్రాణం నిలిచింది. కొన్నాళ్లకి కళ్లు తెరిచాడు. కానీ ఆ కళ్లు ఎవరినీ గుర్తుపట్టలేదు. చక్కెర అందక మెదడు చాలా మట్టుకు చచ్చిపోయిందని డాక్టర్లు తేల్చారు.

కంపెనీ నుంచి లహరి అనే ఇంజనీరు వచ్చింది. మిషనమ్మ లోపల ఏం జరిగిందో రెండు రోజులు కూర్చుని చూసింది. ఆసుపత్రి యజమాని డాక్టర్ జయంత్ తన గదిలోకి రాజకుమారినీ ఆ అమ్మాయినీ పిలిచాడు.

"అలారం ఎందుకు మోగలేదమ్మా?" అని రాజకుమారే అడిగింది.

లహరి తల వంచుకునే చెప్పింది. "ఆ మంచం దగ్గర మోగిన ప్రతిసారీ ఇక్కడ ఎవరో ఒకరు తప్పు అలారం అని నొక్కారండీ. అందుకని ఆయన విషయంలో గట్టిగా మోగక్కర్లేదని అది నేర్చుకుంది."

"అంటే మేం నేర్పామా?"

"నేర్పింది మీరేనండీ. నేర్చుకునేట్టు తయారుచేసింది మేము. ఏది నేర్చుకోకూడదో దానికి చెప్పాల్సింది కూడా మేమే. చెప్పలేదు." ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ మూత దించింది. "ఈ మాట నేను బయట అనకూడదండీ."

జయంత్ చెడ్డవాడేం కాదు. పాపం ఆయనా నిద్ర లేక కళ్లు ఎర్రబడి ఉన్నాడు. టేబుల్ మీద రెండు చేతులూ ఆనించి అన్నాడు. "చూడండి సిస్టర్. కెమెరాలో స్పష్టంగా ఉంది. పేషెంటు భోజనం అటెండెంటు తినేసింది. మాకు చెప్పలేదు. మిషను దాన్నిబట్టే మందు ఇచ్చింది. ఇందులో మీ తప్పూ లేదు, మా తప్పూ లేదు. వాళ్లబ్బాయికి అదే చెప్తాం."

"ఆవిడ మీద పెడతారా సార్?"

"పెట్టడం కాదు. జరిగింది అదే."

"జరిగింది అదొక్కటే కాదు కదండీ. చెమటలు పడుతున్నాయని ఆవిడే చెప్పింది. ఎవరికి చెప్పాలో అర్థంకాక దానికి చెప్పింది. అక్కడ మనుషులెవరూ లేరు మరి."

"మరి ఎవరి మీద పెట్టమంటారు? మీ మీదా?"

రాజకుమారికి పిక్కలు లాగుతున్నాయి. ఆమెకి కూర్చోవాలనిపించింది. ఎవరూ కూర్చోమనలేదు. "నాది నా మీద పెట్టండి సార్, కాదనను. చుక్క చూసి కూడా వెళ్లలేదు. మీది మీరు ఉంచుకోండి. ఆ పెద్దావిడ మీదకి మాత్రం తొయ్యకండి" అంది.

జయంత్ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "మీరు అలిసిపోయున్నారు. ఇంటికెళ్లి పడుకోండి."

ఇంటికి వెళ్లిందిగాని పడుకోలేదు. జరిగింది వాళ్లకి తనే వెళ్లి చెప్తానంది. శ్యామ్ సుందర్ అంతా విని, కాసేపు గడ్డం గోక్కుని "కుమారీ, నేను ముప్ఫయ్యేళ్లు బస్సులో తిరిగాను. బ్రేకు పడకపోయినా జనం కొట్టేది డ్రైవర్నే. డిపో మేనేజర్ని ఎవడూ కొట్టడు. నువ్వు వెళ్లి చెంప చూపిస్తానంటున్నావు" అన్నాడు.

"బ్రేకు సరిగ్గా లేదని డ్రైవరుకి ముందే తెలిస్తేనో?"

"తెలిసినా తీసుకెళ్తాడు. తీసుకెళ్లకపోతే సస్పెండు చేస్తారు."

"అదేగా నేననేది. అన్నీ తెలిసే తీసుకెళ్లాను."

ఆయన లేచి వెళ్లి వేడినీళ్లు పెట్టి, బకెట్టు తెచ్చి ఆమె కాళ్ల ముందుంచాడు.

మర్నాడు రాజకుమారి ఐసీయూ బయట బెంచీ దగ్గరికి వెళ్లింది. సత్యవతమ్మ గోడకి ఆనుకుని ఉంది. పక్కన కొడుకు నాగేంద్రబాబు. అతనికి నందివాడ వైపు చేపల చెరువులున్నాయి. అప్పటికే జయంత్ అతన్ని పిలిచి చెప్పాల్సింది చెప్పేశాడు. తల్లి వైపు చూడకుండా కూర్చున్నాడు. ఆవిడ రెండు రోజులుగా అన్నం ముట్టలేదట. ఎవరు పెట్టినా "ఆయన కూడు తినేసి ఆయన్ని చంపుకున్నాను, ఇంకా ఏం తినమంటారు" అంటోందట.

రాజకుమారి ఆవిడ ముందు నేల మీదే కూర్చుంది.

"పిన్నిగారూ, మీరు అన్నం తిన్నందువల్ల ఇది జరగలేదండీ. ఒకరి పళ్లెంలోది ఒకరు తినడం ఈ ఆసుపత్రిలో రోజూ జరిగేదే. అది మాకు తెలుసు. తెలిసి కూడా పళ్లెం చూసి మందు ఇచ్చేదాన్ని పెట్టుకున్నాం. సరేనని వేలు ఆనించింది నేను. వచ్చి బాబాయిగార్ని చూడలేదు. తర్వాత షుగరు పడిపోతోందని గుర్తు కనపడింది. అది చూసి కూడా రాలేదు."

సత్యవతమ్మ ఆమె వంకే చూసింది. "నా మనసు కుదుటపడాలని చెప్తున్నావామ్మా?"

"కాదండీ. జరిగింది చెప్తున్నాను."

నాగేంద్రబాబు లేచాడు. మొహం కందిపోయింది. "గుర్తు చూసి కూడా రాలేదా? మా నాన్న అక్కడ చస్తుంటే చూసి కూడా…" అంటూ చెయ్యెత్తాడు. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. రాజకుమారి కదల్లేదు. అతని చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయి, నెమ్మదిగా దిగిపోయింది. "పొండి ఇక్కణ్నించి" అన్నాడు.

సాయంత్రానికల్లా ఇక రానక్కర్లేదని ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఇన్నేళ్ల ఉద్యోగం. అల్మారాలో ఉన్న చెప్పులూ గ్లాసూ తెచ్చుకోవడానికి కూడా ఆమె మళ్లీ వెళ్లలేదు.

నాలుగైదు వారాలకి బసవపున్నయ్యని ఇంటికి పంపించేశారు. ఇంకా చెయ్యడానికేమీ లేదన్నారు. ముక్కులో గొట్టం, దానిలోంచి పాలూ జావా. కింద ఇంకో గొట్టం. రాజకుమారి వల్లూరుపాలెం నుంచి వచ్చే ఒక డాక్టరు క్లినిక్కులో పూటపనికి కుదురుకుంది. ఒక రోజు నాగేంద్రబాబు నుంచి ఫోను. అతనికి ఆమె నంబరు ఎవరిచ్చారో తెలియదు. మొదట పేరు మాత్రం చెప్పాడు. తర్వాత "నాన్న ముక్కు గొట్టం ఊడొచ్చిందండీ. ఇక్కడ ఎవరికీ పెట్టడం రావట్లా. రాగలరా?" అన్నాడు.

వెళ్లింది. గొట్టం పెట్టింది. దుప్పటి తీసి చూస్తే నడుం కింద పుండు పడుతోంది. ఒకే వైపు పడుకోబెడుతున్నారు. మనిషిని ఎలా ఒత్తిగిలించాలో సత్యవతమ్మకి చూపించింది. భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి, మోకాలు ముందుకి మడిచి, తన బరువుతో తిప్పాలి. లాగకూడదు. ఆవిడకి చేతకాలేదు. ఇద్దరూ కలిసి తిప్పారు. బసవపున్నయ్య కళ్లు తెరిచే ఉన్నాయి. దూలం వంక చూస్తున్నాయి.

ఆ తర్వాత వీలున్నప్పుడల్లా రాజకుమారి పెదపారుపూడి బస్సెక్కింది. ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు. పుండు కడిగేది, గొట్టాలు మార్చేది, సత్యవతమ్మతో కలిసి పక్క మార్చేది. నాగేంద్రబాబు ఆమె వస్తే లేచి బయటికి వెళ్లిపోయేవాడు. కాఫీ మాత్రం ఎవరో తెచ్చి పెట్టేవారు. ఒక మధ్యాహ్నం పుండుకి పట్టీ వేస్తుండగా సత్యవతమ్మ ఉన్నట్టుండి అంది.

"నీ మీద కోపం లేదని నేను చెప్పలేను అమ్మాయ్."

"చెప్పొద్దండీ."

"నా మీద నాక్కూడా పోలేదు."

రాజకుమారి పట్టీ చివర అతికించింది. ఏం చెప్పినా ఆవిడ నమ్మదని తెలుసు. "కాలు కొంచెం ఎత్తి పట్టుకోండి" అంది. ఆవిడ పట్టుకుంది.

ఒకసారి లహరి ఫోన్ చేసింది. ఆ అమ్మాయి ఇంకా ఆ కంపెనీలోనే ఉంది, మిషన్లని సరిదిద్దే పనిలో ఉంది. "మేడమ్, ఒకే అలారం పదేపదే తప్పని నొక్కితే మిషను ఏం చెయ్యాలంటారు? మీరైతే ఏం చేసేవారు?"

"బిళ్ల ఇంకో చేతికి మార్చేదాన్ని. లేదా ఇంకో మనిషిని పిలిచి చూడమనేదాన్ని. దాన్ని కూడా మనిషిని పిలవమనమ్మా."

అవతల కీబోర్డు టకటక వినపడి ఆగింది. తర్వాత లహరి మెల్లగా అంది, "పిలిస్తే రావడానికి అక్కడ మనుషులుండాలి కదండీ."

 లహరి థాంక్స్ చెప్పి పెట్టేసింది.

నాగేంద్రబాబు బందరులో వినియోగదారుల కోర్టుకి వెళ్లాడు. ఆసుపత్రి మీద, కంపెనీ మీద, రాజకుమారి మీద కేసు వేశాడు. వాయిదాలు మొదలయ్యాయి. ఆసుపత్రి లాయరు అటెండెంటు తిన్నదన్నాడు. కంపెనీ లాయరు చివరి నిర్ణయం మనిషిదేనని, ఆ మాట తెర మీద అడుగునే ఉంటుందని అన్నాడు. ఆ అక్షరాలు ఎంత చిన్నవో రాజకుమారికి తెలుసు. ఆమె వంతు వచ్చింది. కోర్టు బెంచి మీదున్న పెద్దాయన కళ్లజోడు పైకి జరుపుకుని అడిగారు.

"మీరు మిషను చెప్పింది నమ్మి నొక్కారా? మీ అంతట మీరు ఆలోచించి నొక్కారా?"

"రెండూ కాదండీ. అలిసిపోయి నొక్కాను."

ఆమె తరఫు లాయరు గబగబా లేచి "అలసట నేరం కాదు సార్" అన్నాడు.

"కాదండీ" అంది రాజకుమారి ఆయనవైపు తిరిగి. "కానీ అవతల మంచం మీద మనిషున్నాడు."

కార్తీకంలో, చేలు కోతకి వచ్చిన రోజుల్లో, బసవపున్నయ్య పోయాడు. పొద్దున పోయాడని కబురు వస్తే రాజకుమారి వెళ్లింది. వాకిట్లో జనం. లోపలికి వెళ్లాలా వద్దా అని చూరు కింద నిలబడింది. సత్యవతమ్మ చూసి చెయ్యి ఊపి పిలిచింది. "ఈ గొట్టాలతో ఎట్లా పంపుతాం? నువ్వు తీసేయ్ అమ్మాయ్. పెట్టింది నువ్వేగా" అంది.

చుట్టాలు పక్కకి జరిగారు. రాజకుమారి ముక్కు గొట్టాన్ని పట్టీ విప్పి నెమ్మదిగా లాగింది. కిందిదీ తీసింది. ముక్కు దగ్గర ప్లాస్టరు అంటిన మరకని తడిబట్టతో తుడిచింది. ఆ చప్పిడి తిండి గేదెలు కూడా తినవన్న గొంతు చెవిలో వినపడింది. అప్పటిదాకా ఏడవని మనిషి, చేతిలో తడిబట్ట పట్టుకునే ఏడ్చింది. ఎవరూ ఓదార్చలేదు. నాగేంద్రబాబు మాత్రం బకెట్టు తెచ్చి, తీసిన గొట్టాలు వేయమన్నట్టు ఆమె పక్కన పెట్టాడు.

తీర్పు మరుసటి ఎండాకాలంలో వచ్చింది. తప్పు ఆసుపత్రిదీ కంపెనీదీ అన్నారు. ఇద్దరినీ ఉమ్మడిగా బాధ్యుల్ని చేశారు. సత్యవతమ్మకి ఇందులో ఏ దోషమూ లేదని విడిగా రాశారు. రాజకుమారి ఉద్యోగి కాబట్టి, పనిభారం మోయలేని స్థితిలో ఆమెని పెట్టింది యాజమాన్యం కాబట్టి, ఆమె మీద కేసు కొట్టేశారు. ఆసుపత్రి పై కోర్టుకి వెళ్తుందని లాయర్లు మెట్ల మీదే చెప్పుకున్నారు.

శ్యామ్ సుందర్ పొంగిపోయాడు. "చూశావా, నీ తప్పేం లేదన్నారు" అన్నాడు. బస్టాండు దగ్గర హల్వా పొట్లం కొన్నాడు. రాజకుమారి ఒక ముక్క తీసుకుని చేతిలోనే పట్టుకుంది. లేదన్నంత మాత్రాన ఆ మధ్యాహ్నం చూసిన చుక్క చూడనిదైపోతుందా? ఆ బరువు కోర్టు తీసుకోగలిగింది కాదు. ఎవరికైనా ఇచ్చేద్దామన్నా పుచ్చుకునేవాళ్లు లేరు. అయినా అప్పటికంటే ఇప్పుడు కొంచెం తేలిగ్గా ఉన్న మాట నిజం. ఆ తేలిక ఆమెకి అంతగా నచ్చలేదు.

గుడివాడ బస్సులో శ్యామ్ సుందర్ ముందు డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు. సత్యవతమ్మ వచ్చి రాజకుమారి పక్క సీట్లో కూర్చుంది. కొడుకు లాయరుతో మాట్లాడి తర్వాత వస్తాడట. బస్సు పెడన దాటింది. కిటికీలోంచి వడగాలి కొడుతోంది. సత్యవతమ్మ చెప్పు జారవిడిచి పాదం నేలకేసి రాస్తోంది.

"ఏంటండీ?"

"అరికాళ్లు మంటలు, అమ్మాయ్. నాకూ వచ్చిందేమో ఆయన జబ్బు. మా వాడు బెజవాడ పెద్దాసుపత్రికి పదమంటాడు. నేను పోను."

"ఎందుకు వెళ్లరు?"

"నాకు భయం."

రాజకుమారి ఆవిడ పాదం తన ఒళ్లోకి తీసుకుంది. "వద్దమ్మా, కాలు నీ ఒళ్లో ఏంటి" అంటూ ఆవిడ వెనక్కి లాక్కోబోయింది. రాజకుమారి వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి చూసింది. చివరి రెండు వేళ్ల మధ్య చర్మం తెగి, చుట్టూ తెల్లగా నానిపోయి ఉంది.

"ఇది ఎప్పుడు తెగింది పిన్నిగారూ?"

"తెగిందా? నాకేం తెలవలేదే."

"షుగరు చూపించుకోవాల్సిందేనండీ. భయమైతే నేనొస్తాను, పక్కనే ఉంటాను. ముందు గుడివాడలో దిగుదాం. దీనికి మందు రాసి కట్టు కట్టాక మీ ఊరి బస్సెక్కిస్తాను."

సత్యవతమ్మ ఆలోచించింది. "నీకు ఇంటికెళ్లాలేమో. అలిసిపోయున్నావు."

"అలిసిపోయాను" అంది రాజకుమారి. పాదాన్ని పైటచెంగుతో తుడిచి, దుమ్ము తగలకుండా చేతిలోనే పట్టుకుని కూర్చుంది.